అప్పగింతలు

మూడేళ్ళ కింద యూనివర్సిటీ నుంచి యిద్దరు ఆడపిల్లలు మా వార్డుకొచ్చారు. ప్రాజెక్టు అంట. చేతిలో అచ్చేసిన కాయితాలు. అందులో పదమూడో ప్రశ్న యిది: 'రాత్రి డ్యూటీ ముగించి వుదయం సిబ్బందికి బాధ్యతలు అప్పగించే సమయంలో మీ అనుభూతి యేమిటి?' కింద నాలుగు గడులు. అలసట. సంతృప్తి. సంతోషం. యితరములు. నేను యితరములు దగ్గర టిక్కు పెట్టాను. దాని పక్కన రాయడానికి జాగా లేదు. "యితరములు అంటే యేంటి మేడం?" అని ఆ పిల్ల మంచిగానే అడిగింది. టైము యేడూ నలభై. తొమ్మిదో నంబరు మంచానికి సెలైను అయిపోవస్తా వుంది. తర్వాత చెప్తానమ్మా అని పరిగెత్తాను. ఆ పిల్లలు మళ్ళీ రాలేదు. వాళ్ళకి చెప్పాల్సింది యిక్కడ రాస్తన్నా.

కోపంగానే రాస్తన్నా. ముప్పయ్యేళ్ళ నైటు డ్యూటీల తర్వాత మెత్తగా రాయమంటే నా వల్ల కాదు. మా మీద మెత్తగా రాసినవాళ్ళు చాలామందే వున్నారు. తెల్లచీర, తెల్లపావురం, చల్లని చెయ్యి, దేవత. ప్రతి మే 12న నైటింగేల్ పుట్టినరోజు చేసి, మా చేతికి కొవ్వొత్తులిచ్చి వరసగా నిలబెట్టి ఫొటో తీస్తారు. స్టేజీ మీద పెద్ద డాక్టరుగారు సేవ అంటాడు, త్యాగం అంటాడు, తల్లి అంటాడు. జీతం అనడు. నిద్ర అనడు. కులం అయితే అసలే అనడు. ఆయన చెప్పిన దేవత అనే మాటని నేను ముప్పయ్యేళ్ళుగా చూస్తా వున్నాను. మన వూళ్ళల్లో దేవతలకి యేం చేస్తారో మీకూ తెలుసు. యేడాదికొకసారి జాతర చేసి, మిగతా రోజులు వూరి బయట వుంచుతారు.

మాది ప్రకాశం జిల్లాలో వొక మాదిగపల్లె. 1878 జులై 3న వొక్క రోజులో ఒంగోలు బాప్టిస్టు మిషను వాళ్ళు 2,222 మందికి బాప్తిస్మం యిచ్చారు. అది కరువు అప్పుడే తగ్గిన కాలం. ఆ లెక్కలో మా ముసలాయన వున్నాడని మా పల్లెలో ప్రతి యిల్లూ చెప్పుకుంటది. చర్చీ వచ్చింది, బడి వచ్చింది, ఆసుపత్రి వచ్చింది. పల్లె మాత్రం పల్లెగానే వుంది, వూరు వూరుగానే వుంది.

మా నాయనమ్మ మంత్రసాని. వూళ్ళో సగం మంది బొడ్డు కోసిన చెయ్యి ఆమెది. నడిరాత్రి లాంతరు పట్టుకుని జీతగాడు వచ్చేవాడు. "అమ్మగారికి నొప్పులొస్తన్నయ్, రమ్మంటన్నారు." నాయనమ్మ లేచి, కొంగు బిగించి పోయేది. పెరటి దోవన లోపలికి పోవాలి. లోపలికి పోయాక యిక అంటు లేదు. ఆ రక్తంలో, వుమ్మనీటిలో, పియ్యిలో చెయ్యి పెట్టినంతసేపూ మా నాయనమ్మ చెయ్యి మనిషి చెయ్యే. ఆ యింటి కోడలు ఆమె మెడ పట్టుకుని వేలాడేది, 'నాకు తల్లివే నువ్వు' అనేది. బిడ్డ కేరుమన్నాక, మాయ పూడ్చిపెట్టాక, బాలింతకి నీళ్ళు పోశాక తెల్లవారేది. తెల్లవారితే అంటు మళ్ళీ వచ్చేది. ఆమె నడిచిన చోటల్లా పేడనీళ్ళు చల్లేవాళ్ళు. మా నాయనమ్మ దొడ్డివాకిట్లో నాలుగడుగులు యెడంగా నిలబడి కొంగు పడితే పైనుంచి సోలెడు గింజలు పోసేవాళ్ళు. కొంగు చేటకి తగలకూడదు. రాత్రంతా వాళ్ళ బిడ్డ తల పట్టుకున్న మనిషి కొంగు వాళ్ళ చేటకి తగలకూడదు!

అంటరానితనం పగటిపూట జబ్బు. రాత్రి మూడు గంటలకి అది యెవరికీ వుండదు. నేను ఆసుపత్రిలో నేర్చుకున్న వైద్యశాస్త్రంలో యిది లేదు. మా నాయనమ్మ దగ్గర విన్నదీ, నేను వుద్యోగంలో చూసిందీ కలిపి చెబుతున్నా.

మన దేశంలో నర్సింగు చరిత్ర రాసేవాళ్ళు క్రిమియా యుద్ధం నుంచి మొదలుపెడతారు. స్కుటారి, 1854, దీపం. మంచిదే. నైటింగేలమ్మ మీద నాకు కోపం లేదు, చాలా పని చేసింది. నా ప్రశ్న మన వాళ్ళకి. 1897లో పూనాలో ప్లేగు వచ్చినప్పుడు, యిళ్ళవాళ్ళే రోగిని వదిలి పారిపోతున్నప్పుడు, సావిత్రిబాయి ఫూలే రోగుల్ని కొడుకు దవాఖానాకి చేర్చి చాకిరీ చేసింది. వొక అంటరాని పిల్లవాణ్ణి వీపున మోసుకొచ్చింది. ఆ ప్లేగే అంటుకుని మార్చి 10న చచ్చిపోయింది. ఆమె ఫొటో మా నర్సింగు స్కూల్లో యెక్కడా లేదు. నా చదువంతా అయిపోయి, వుద్యోగంలో చేరిన నాలుగేళ్ళకి వొక దళిత సభలో మొదటిసారి ఆమె పేరు విన్నాను.

గుంటూరులో అన్నా కుగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ 1883లో వచ్చి, 1898లో ఆడవాళ్ళ ఆసుపత్రి తెరిచింది. అట్టాంటి మిషను ఆసుపత్రుల్లో నర్సులుగా నేర్చుకోను పెద్దకులాల ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు కాదు. పరాయి మగవాడి వొళ్ళు తుడవాలి, మలమూత్రాలు యెత్తాలి, రాత్రుళ్ళు బయట వుండాలి. మూడూ వాళ్ళ పరువుకి కుదరవు. మాకు పరువు లేదని కదా వాళ్ళ లెక్క, అందుకని మేం పోయాం. క్రైస్తవంలో కలిసిన మాల మాదిగ పిల్లలు, దిక్కులేని పిల్లలు, వితంతువులు. 1946లో భోర్ కమిటీ లెక్క తీస్తే మొత్తం దేశానికి సుమారు 7,000 మంది నర్సులు తేలారు. ఆ పనికి గవర్నమెంటు స్కేలు, పింఛను వచ్చాక అన్ని కులాలూ వచ్చాయి. రానీయండి, రావాలి కూడా. కానీ వొక సంగతి గమనించండి. కులాలన్నీ వచ్చాక కూడా వార్డులో మురికి పని కులం చూసుకునే నడుస్తది. యింజక్షను, ఫైలు, డాక్టరు పక్కన రౌండు వొకరికి. తెర చాటున వుండే పని వొకరికి. యెవరూ ఆర్డరు వెయ్యరు. అదే సర్దుకుంటది.

యిక రాత్రి సంగతి. మా మెడికల్ వార్డుకి 30 మంచాలు. జ్వరాల రోజుల్లో 44 మంది, 48 మంది. మంచాల మధ్య చాపలు, వరండాలో చాపలు. నైటుకి వొక స్టాఫ్ నర్సు, వొక ఆయమ్మ, రెండు వార్డులకి కలిపి వొక స్వీపరు. రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన కొలత ప్రకారం బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకి వొక నర్సు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి వొక నర్సు వుండాలి. సెలవల కోసం పైన యింకో 30 శాతం మంది వుండాలి. ఆ సెలవల లెక్క మా వార్డులో అడిగితే నవ్వుతారు.

అందరూ అర్ధరాత్రి కష్టం అనుకుంటారు. కాదు. కష్టం నాలుగు నుంచి. నాలుగింటికి మనిషి వొళ్ళు చల్లబడతది, రోగికీ నర్సుకీ యిద్దరికీ. ఆయాసం రోగులకి అప్పుడే యెక్కువవుతది. చావులు నేను చూసినంతలో యెక్కువ ఆ వేళకే. అయిదింటికి రక్తం తియ్యాలి, లాబుకి సీసాలు పేర్లు రాసి పెట్టాలి. జ్వరం, నాడి, బీపీ చూసి చార్టు నింపాలి. యూరిన్ బ్యాగులు కొలిచి పారబొయ్యాలి. పక్క తడిపిన వాళ్ళకి దుప్పటి మార్చాలి, వీపులు తిప్పి పౌడరు రాయాలి. లేకపోతే పుండ్లు పడితే మెమో నాకే. ఆరింటికి యింజక్షన్లు. వీటన్నిటి మధ్య వొక మనిషి చచ్చిపోతే వార్డు ఆగదు. గడ్డానికి గుడ్డ కట్టాలి, కళ్ళు ముయ్యాలి, దూది పెట్టాలి, కాళ్ళ బొటనవేళ్ళు కలిపి కట్టాలి, చీటీ కట్టాలి. కొడుకులు వరండాలో నిలబడి యేడుస్తారు. ముట్టుకోను లోపలికి రారు. వాళ్ళు మైల యెప్పుడు మొదలు పెట్టుకోవాలో లెక్క చూసుకుంటారు. నేనూ ఆయమ్మా ఆ మైలలోనే నిలబడి వుంటాం. తర్వాత చెయ్యి కడుక్కుని పక్క మంచానికి జ్వరం చూస్తాను.

యేడున్నరకి పొద్దుటి వాళ్ళు వస్తారు. యీ మాట నింద వెయ్యడానికి కాదు, వాళ్ళూ నా తోటివాళ్ళే, రేపు నేనూ పొద్దుటి డ్యూటీకి అట్టాగే పోతాను. స్నానం చేసి, తలదువ్వి, పూలు పెట్టుకుని, యిస్త్రీ చీర. మూరెడు దూరం నుంచే సబ్బు వాసన. నా నుంచి వచ్చే వాసన నాకు తెలుసు. వాంతి, డెట్టాలు, వుచ్చ, చెమట, నా నెలసరి అయితే అదొకటి. పన్నెండు గంటలు గుడ్డ మార్చుకోను పోయే టైము దొరకదు. పోయినా ఆ బాత్రూముకి గొళ్ళెం వుండదు.

అప్పగింత మొదలవుతది. మంచం మంచం తిరగాలి. వొకటో నంబరు, షుగరు, కాలి పుండు, డ్రెస్సింగు తడిసింది. రెండో నంబరు ఫిట్సు, రాత్రి రెండుసార్లు వచ్చింది. యిట్టా చెప్పుకుంటా పోవాలి. తర్వాత సామాను లెక్క. థర్మామీటర్లు యెన్ని, కత్తెరలు యెన్ని, దుప్పట్లు యెన్ని, బీపీ మిషను, తాళాల గుత్తి. థర్మామీటరు పగిలితే డబ్బులు నైటు వాళ్ళవి. కత్తెర పోతే నైటు వాళ్ళది. నేను బతికించిన మనిషి యే లెక్కలోకీ రాడు, పోయిన కత్తెర లెక్కలోకి వస్తది. 'నైటు వాళ్ళు వదిలేశారు' అనే మాట యేడింటికి వార్డులో పుట్టి తొమ్మిదింటి రౌండుకి పెద్ద డాక్టరు దాకా పోతది. ఆయన 'యెవరు నైటు?' అని అడుగుతాడు. నేను అప్పటికి బస్సులో వుంటా.

వుద్యోగంలో చేరిన రెండో సంవత్సరం వొక పొద్దున అప్పజెబుతూ వుంటే నాకు వొక సంగతి కనపడింది. నేను రెండడుగులు వెనక్కి నిలబడి వున్నాను. యెవరూ నిలబడమనలేదు. పొద్దుటి సిస్టరు మంచం పక్కన నిలబడి పుస్తకం పట్టుకుంది. నేను గోడవార, మురికి గుడ్డల డబ్బా పక్కన, రెండు చేతులూ ముందు కట్టుకుని, గొంతు తగ్గించి చెబుతున్నాను. నా వాసన ఆమెకి తగలకూడదని. ఆ నిలబడ్డం నేనెక్కడ చూశాను? దొడ్డివాకిట్లో. సోలెడు గింజల కోసం. మా నాయనమ్మ అప్పటికి చచ్చిపోయి ఆరేళ్ళు. ఆమె కాళ్ళు నా కింద వున్నాయి. నాకు డిప్లొమా వుంది, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు వుంది, గవర్నమెంటు స్కేలు వుంది. అవేవీ నన్ను ఆ రెండడుగులు ముందుకు తొయ్యలేదు.

అమ్మాయిలూ, మీ కాయితంలో యీ గడి లేదు.

1999 వానాకాలం. రాత్రి పదకొండున్నరకి వొక పెద్ద ఆసామిని తెచ్చారు. ఆయన కులం పేరు చెప్పను. చెబితే మిగతా కులాల వాళ్ళు 'అమ్మయ్య, మేం కాదు' అనుకుంటారు. వాంతులు, విరేచనాలు, బీపీ పడిపోయింది. గుంటూరు తీసుకుపోతుంటే వాగు పొంగి కారు ఆగిపోయింది, అందుకని మా గవర్నమెంటు ఆసుపత్రి. చెయ్యి వాచి వుంది, వుంగరం వుంటే కుదరదు, సబ్బు రాసి తీశాను. చిన్నకొడుకు చేతికిచ్చి, రిపోర్టు బుక్కులో రాసి, సంతకం చెయ్యమన్నాను. చేశాడు. డబ్బులు తెస్తానని వూరికి పోయాడు. ఆ రాత్రి ఆయన్ని నేనూ, స్వీపరమ్మా నాలుగుసార్లు శుభ్రం చేశాం. దుప్పటి నాలుగుసార్లు మార్చాం. ఆరు సెలైన్లు యెక్కాయి. మూడింటికి కళ్ళు తెరిచి నా చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా, మంచినీళ్ళు" అన్నాడు. స్పూనుతో పోశాను. నా చెయ్యి వదల్లేదు. "నీ కడుపు చల్లగా వుండాల తల్లీ" అన్నాడు. అప్పుడు నాకు యేడుపొచ్చింది, అబద్ధం యెందుకు.

యేడింటికి వాగు తీసింది. పెద్దకొడుకూ, కోడలూ వచ్చారు. ప్లాస్కు, వెండి గ్లాసు. మనిషి లేచి కూర్చున్నాడు.

"యే వూరమ్మా మీది?" అన్నాడు పెద్దకొడుకు.

చెప్పాను.

"వూళ్ళోనా, పల్లెలోనా?"

మా వైపు పల్లె అంటే అర్థం అందరికీ తెలుసు. కులం పేరు నోటితో అడగాల్సిన పనిలేదు.

"పల్లె" అన్నాను.

ఆ ఆసామి కిటికీ వైపు చూస్తా కూర్చున్నాడు. కోడలు లేచి, నేను నీళ్ళు పోసిన కూజా తీసుకుపోయి మోరీలో వొంచి, కడిగి, మళ్ళీ పట్టుకొచ్చింది. గొడవ చెయ్యలేదు. యెవర్నీ తిట్టలేదు. యిల్లు సర్దుకున్నంత మామూలుగా చేసింది. మూడింటికి పట్టుకున్న చెయ్యి యెనిమిదింటికి యేమైంది?

అప్పుడు వుంగరం గుర్తొచ్చింది వాళ్ళకి.

హెడ్ సిస్టరు వచ్చింది. నన్ను ముందు అడగలేదు, "నైటు వాళ్ళని చూడండి" అంది. నైటు వాళ్ళంటే నేను, ఆయమ్మ, స్వీపరమ్మ. ఆయమ్మ పెద్దకులపామె, వయసులో పెద్దది, ఆమెని యెవరూ చూడలేదు. ముందు స్వీపరమ్మని బాత్రూములోకి తీసుకుపోయారు, కోడలూ, ఆ ఆయమ్మా కలిసి. తలుపు వేసుకున్నారు. పది నిమిషాలు. తర్వాత నా సంచీ టేబులు మీద బోర్లించారు. టిఫిను డబ్బా, బైబిలు, మడత పెట్టిన నెలసరి గుడ్డలు, బస్సు టికెట్లు. వార్డులో 40 మంది చూస్తన్నారు. అప్పుడు నాకు పుస్తకం గుర్తొచ్చింది. తెరిచి చూపించాను. '11.40, ఎడమచేతి వుంగరం వొకటి తీసి కుమారునికి అప్పగించడమైనది.' కింద సంతకం. పెద్దకొడుకు చదివాడు. "తమ్ముడు చెప్పలా" అన్నాడు. అంతే. హెడ్ సిస్టరు "సరే పోండి, టైమైంది" అంది.

మా నాయనమ్మకి ఆ పుస్తకం లేదు. ఆమె మీద వెండిగిన్నె దొంగతనం కట్టి వొకసారి చెట్టుకి కట్టేశారని మా నాన్న చెప్పేవాడు. నాకు రాత వచ్చు కాబట్టి బయటపడ్డాను. చదువుకోండి అని అంబేడ్కర్ చెప్పింది యెందుకో నాకు ఆ పొద్దున రిపోర్టు బుక్కు దగ్గర అర్థమైంది.

యిక్కడితో ఆపితే యీ వ్యాసం నాకు చాలా అనుకూలంగా వుంటది. ఆపను. ఆ పుస్తకం మొదటినుంచీ నా చేతికిందే వుంది. నా సంచీ బోర్లించినప్పుడు గుర్తొచ్చింది. ఆమెని బాత్రూములోకి తీసుకుపోయినప్పుడు యెందుకు గుర్తు రాలేదు? అలసట అని చాలా యేళ్ళు చెప్పుకున్నాను. అలసట కాదు. ఆమె తీసిందేమో అనుకున్నాను! వుంగరం నేనే తీసి, నేనే యిచ్చి, నేనే రాసి, వొక్క క్షణం ఆమె తీసిందేమో అనుకున్నాను. ఆమె రెల్లి.

మా జిల్లాలోనే యీదుమూడిలో 1994 జులై 7న మాదిగ దండోరా మొదలైంది. మా తమ్ముడు అందులో తిరిగాడు. మా వాటా మాకు కావాలని మాలల్ని నిలదీశాం, న్యాయమే. 1997లో ప్రభుత్వం ఎస్సీలని నాలుగు గ్రూపులు చేసినప్పుడు మొదటి గ్రూపులో రెల్లి వాళ్ళని పెట్టింది, రెండో గ్రూపులో మమ్మల్ని. 2004లో సుప్రీంకోర్టు అది కొట్టేసింది, 2024 ఆగస్టు 1న వర్గీకరణ చెయ్యొచ్చని చెప్పింది. యీ తేదీలన్నీ నాకు నోటికి వచ్చు. కానీ నా వార్డులో నేను బెడ్‌పాను పట్టుకొచ్చి గుమ్మం దగ్గర పెట్టి "యేయ్, యిది తీసుకుపో" అని పిలిచే మనిషి పేరు నాకు అయిదేళ్ళు తెలీదు. రాత్రంతా నా పక్కన పనిచేసింది. మా నాయనమ్మకి వూరు చేసిందే నేను ఆమెకి చేశాను. నా రెండడుగుల వెనక ఆమెవి యింకో రెండడుగులు వున్నాయి.

అందుకే మన స్త్రీవాద అక్కలు సభల్లో 'నర్సుల సమస్య స్త్రీల సమస్య' అన్నప్పుడు నాకు వొప్పుకోబుద్ధి కాదు. ఆయమ్మా స్త్రీయే, కోడలూ స్త్రీయే, బాత్రూము తలుపు వేసింది స్త్రీలే. యూనియను అన్నలు 'యిది కార్మిక సమస్య' అంటారు. అవును, కార్మిక సమస్యే. మరి స్వీపర్ల పనిని ఏజెన్సీలకి కాంట్రాక్టు యిచ్చినప్పుడు మా నర్సుల యూనియను యెన్నిరోజులు ధర్నా చేసింది? వొక్క పూట నల్లబ్యాడ్జీ పెట్టుకున్నామా? మన దళిత కవులు అన్నలకీ వొకమాట. మీరు అమ్మ మీద చాలా కవితలు రాశారు, పొలంలో వున్న అమ్మ, పొయ్యి దగ్గర అమ్మ. ఆసుపత్రి నుంచి పొద్దున్నే తొమ్మిదింటికి వచ్చి నిద్రపోయే పెళ్ళాం మీద రాసిందేదీ నా కంట పడలేదు. ఆ నిద్ర మీకు అడ్డం కాబట్టి. మా యింట్లో అయితే నేను చెప్పులు విప్పేసరికి మా ఆయన 'టిఫినేంది?' అనేవాడు. ఆయన అంబేడ్కర్ సంఘం సెక్రటరీ.

నిద్ర చిన్న సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2007లో రాత్రి షిఫ్టు పనిని క్యాన్సరు తెచ్చే అవకాశం బలంగా వున్న వాటిలో చేర్చింది. 2019లో మళ్ళీ చూసి అదే మాట చెప్పింది. యిది మా నోటీసు బోర్డు మీద యెప్పుడూ అంటించలేదు. 2020లో కరోనా వచ్చింది. మార్చి 22న పళ్ళేలు కొట్టారు, మే 3న హెలికాప్టర్ల నుంచి ఆసుపత్రుల మీద పూలు చల్లారు. నేను ఆ వారాల్లో పొద్దున డ్యూటీ దిగి ఆ ప్లాస్టిక్ కోటు విప్పితే లోపల చీర పిండితే నీళ్ళు కారేవి. యింటి ఓనరు యిల్లు ఖాళీ చెయ్యమన్నాడు. దేశమంతా డాక్టర్లకీ నర్సులకీ యిదే జరిగిందని పేపర్లు రాశాయి, డాక్టరమ్మలు టీవీలో చెప్పుకుని బాధపడ్డారు. మమ్మల్ని దూరంగా నిలబడమంటన్నారు అని. వాళ్ళ బాధ నిజమే. మాకు మాత్రం అందులో కొత్త యేమీ కనపడలా. ఆ కరోనాకి మా దగ్గర తాత్కాలికంగా తీసుకున్న నర్సు పిల్లల్ని గడువు తీరిందని పంపించేశారు. పూలు చల్లిన సంగతి వాళ్ళకి ఆర్డరులో రాయలేదు.

వుంగరం గొడవ అయిన మర్నాటి రాత్రి ఆమె డ్యూటీకి వచ్చింది. నేను యేదో అనబోయాను. ఆమె చీపురు ఆనించి నిలబడింది.

"నా పేరు కూడా ఆ బుక్కులో రాయరాదా సిస్టరమ్మా" అంది. "నేను రాత్రి యేమేం పని చేశానో. పోయేటప్పుడు నా దగ్గర యేం లేదని."

తెల్లవారి ఆమె పేరు రాశాను. పూర్తి పేరు, యింటిపేరుతో. యెన్ని మంచాల దగ్గర యెన్నిసార్లు శుభ్రం చేసిందో రాశాను. హెడ్ సిస్టరు ఎర్ర పెన్నుతో కొట్టేసి, 'అనవసరం' అని పక్కన రాసింది. ఆ పుస్తకాలు పాతవై స్టోరులో పడ్డాయి. ఆమె పేరు యీ వ్యాసంలో రాయటం లేదు. ఆమె అడిగింది ఆ పుస్తకంలో.

పోయిన సంవత్సరం నాకు హెడ్ నర్సు ప్రమోషను వచ్చింది. యిప్పుడు యేడున్నరకి స్నానం చేసి, యిస్త్రీ చీర కట్టుకుని వచ్చేది నేనే. కత్తెరలు లెక్కపెట్టేది నేనే. ఎర్ర పెన్ను నా జేబులోనే వుంటది. నైటు పిల్ల కాంట్రాక్టుది, పాతికేళ్ళు వుంటాయి, మా పక్క మండలం మాలపల్లె. మొదటిరోజు అప్పజెప్పేటప్పుడు గోడవారకి జరిగి నిలబడింది.

"దగ్గరికి రా" అన్నాను.

"వాసనొస్తది మేడం."

"రామ్మా."

వొక అడుగు వచ్చింది. మంచం మంచం తిరిగాం. ఆఖర్న పుస్తకం మూయబోతుంటే ఆపాను. యిద్దరం కలిసి స్కేలు పెట్టి వొక గడి గీశాం. 'రాత్రి స్వీపరు: పేరు, చేసిన పని, వచ్చిన టైము, పోయిన టైము.' రెండు నెలలకి ఆఫీసు నుంచి కాయితం వచ్చింది, ఏజెన్సీ సిబ్బంది వివరాలు నర్సింగు రిపోర్టులో రాయరాదని. ఆ కాయితం నా టేబులు అద్దం కింద పెట్టుకున్నాను. యీ పొద్దున కూడా ఆ గడి నిండే వుంది. ఆ పిల్లే రాసింది, నల్ల యింకుతో, కుదురుగా. రెల్లి ఆమె కూతురు యిప్పుడు ఆ వార్డులోనే ఏజెన్సీ కింద చేస్తా వుంది. పేరు రాశాక చదివి వినిపించమంది. వినిపించాం. యింటిపేరులో వొక అక్షరం తప్పు పోయిందంట, దిద్దించుకుని పోయింది.